మౌస్‌కు వైరు వద్దు, కీబోర్డుకు ఉండనివ్వండి

పోయిన దసరా సెలవుల్లో మా మేనల్లుడు పాతపట్నం నుంచి సైకిల్ మీద షాపుకి వచ్చాడు. ఫోన్ తీసి రెండు మౌస్‌ల ఫొటోలు చూపించాడు. ఒకటి వైరు ఉన్నది, ఒకటి లేనిది. "మామయ్యా, వైర్‌లెస్ అయితే గేమ్‌లో లేట్ అవుద్దంట కదా? మా ఫ్రెండ్స్ అందరూ వైరుదే కొనమంటున్నారు" అన్నాడు. ఏడాది పాటు దాచుకున్న ఐదు వేలు వాడి దగ్గర ఉన్నాయి. మౌస్, కీబోర్డు రెండూ అందులోనే రావాలి.

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో పదమూడేళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. ఒడియా వాళ్ళు వచ్చి "భాయ్" అంటారు, మనవాళ్ళు "అన్నయ్యా" అంటారు. గేమ్ ఆడే పిల్లలైతే ఇద్దరూ అడిగేది ఒక్కటే: వైరుదా, వైర్‌లెస్సా? మౌస్, కీబోర్డు ఒక డబ్బాలో సెట్టుగా అమ్ముతారు కాబట్టి రెండింటికీ ఒకే జవాబు ఉంటుందని అందరూ అనుకుంటారు. నా అనుభవంలో రెండింటికీ జవాబులు వేరు. మౌస్ ఆట మొత్తం కదులుతూనే ఉంటుంది. కీబోర్డు పెట్టినచోటే ఉంటుంది. వైరు వల్ల ఇబ్బంది కదిలేదానికే కాబట్టి, ఉన్న డబ్బులో వైర్‌లెస్ కోసం పెట్టే ఖర్చు మౌస్ మీద పెట్టాలి. కీబోర్డు దగ్గర వైరుదే తీసుకుని, మిగిలిన డబ్బు కీల కింద ఉండే మంచి స్విచ్‌ల మీద పెట్టాలి. మేనల్లుడికి ఇదే చెప్పాను. వాడు నమ్మలేదు. అందుకని ఒక పరీక్ష పెట్టాను. మీరూ చేసి చూసుకోవచ్చు.

నా దగ్గర రెండు రకాలుగానూ పనిచేసే మౌస్ ఒకటి ఉంది. ఛార్జింగ్ వైరు కంప్యూటర్‌కి గుచ్చితే వైరు మౌస్, తీసేస్తే డాంగిల్‌తో, అంటే యూఎస్‌బీ పోర్టులో గుచ్చే చిన్న రిసీవర్‌తో, వైర్‌లెస్ మౌస్. వైరు రెండో కొస టేబుల్ వెనక్కి పోనిచ్చి, వాడికి కనబడకుండా ఒకసారి కంప్యూటర్‌కి, ఒకసారి పవర్ బ్యాంకుకి గుచ్చాను. పవర్ బ్యాంకుకి గుచ్చితే ఛార్జింగ్ మాత్రమే అవుతుంది, సిగ్నల్ డాంగిల్ ద్వారానే వెళ్తుంది. వైరు రెండుసార్లూ ఉంది కాబట్టి చేతికి బరువులో తేడా లేదు. వాలరెంట్ అనే షూటింగ్ గేమ్ ప్రాక్టీస్ రేంజ్‌లో పదిసార్లు ఆడించి, ప్రతిసారీ ఏది ఏదో చెప్పమన్నాను. ఐదుసార్లు సరిగ్గా చెప్పాడు, ఐదుసార్లు తప్పు. బొమ్మాబొరుసు వేసినా అంతే వస్తుంది. ఆ తర్వాత వైరు పూర్తిగా తీసేసి ఇచ్చాను. అర నిమిషం కాకముందే "మామయ్యా, ఇది బాగుంది" అన్నాడు. వాడి చెయ్యి పట్టుకున్నది వైరు లాగుడుని, ఆలస్యాన్ని కాదు.

ఇక ఆ ఆలస్యం సంగతి. మౌస్ తన కదలికను కంప్యూటర్‌కి సెకనుకి ఎన్నిసార్లు చెబుతుందో దాన్ని పోలింగ్ రేట్ అంటారు. సెకనుకి ఒకసారి అంటే ఒక హెర్ట్జ్. మామూలు ఆఫీసు మౌస్ సెకనుకి 125 సార్లు చెబుతుంది, అంటే 8 మిల్లీసెకన్లకి ఒకసారి. గేమింగ్ మౌస్ 1000 సార్లు, అంటే మిల్లీసెకనుకి ఒకసారి. సొంత డాంగిల్‌తో వచ్చే గేమింగ్ వైర్‌లెస్ మౌస్‌లు కూడా ఇదే వేగంతో చెబుతాయి. ఇప్పుడు మీ మానిటర్ చూడండి. 60 హెర్ట్జ్ మానిటర్ కొత్త బొమ్మను దాదాపు 16.7 మిల్లీసెకన్లకి ఒకసారి చూపిస్తుంది. 144 హెర్ట్జ్‌ది అయితే సుమారు 7 మిల్లీసెకన్లకి. ఆపైన ఇంటర్నెట్. మా ఇంట్లో ముంబైలోని గేమ్ సర్వర్‌కి పింగ్, అంటే సిగ్నల్ వెళ్ళి తిరిగొచ్చే సమయం, మంచి రోజున యాభై మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది, వానాకాలం సాయంత్రాల్లో ఎనభై దాటుతుంది. మంచి డాంగిల్ మౌస్‌కీ వైరు మౌస్‌కీ మధ్య తేడా వీటి ముందు లెక్కలోకి రాదు. ఆలస్యం గురించే మీ టెన్షన్ అయితే ఆ డబ్బుతో ముందు మానిటర్ మార్చండి. లేదంటే రౌటర్ నుంచి కంప్యూటర్‌కి ఒక లాన్ వైరు వేసుకోండి. వైరు నిజంగా పనికొచ్చే చోటు అది.

మరి పిల్లలు చెప్పుకునే "లేట్" పుకారు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఉత్త పుకారని నేను అనను. వాళ్ళు చూసిన వైర్‌లెస్ మౌస్‌లు వేరు. నాలుగైదు వందలకి దొరికే ఆఫీసు మౌస్ వైర్‌లెస్సే. బ్లూటూత్ మౌసూ వైర్‌లెస్సే. బ్యాటరీ మిగుల్చుకోవడానికి అవి మధ్యమధ్యలో నిద్రపోతాయి, చెయ్యి వేశాక లేవడానికి ఒక క్షణం పడుతుంది. అవి ఆటకి పనికిరావు. బ్లూటూత్ ఆఫీసు పనికి, ట్యాబ్‌కి సరిపోతుంది, గేమ్‌కి వద్దు. కొన్ని మౌస్‌లలో డాంగిల్, బ్లూటూత్ రెండూ ఉంటాయి. కింద చిన్న స్విచ్ ఉంటుంది, అది బ్లూటూత్ వైపు ఉండిపోయినా ఎవరూ చూసుకోరు. "మౌస్ స్లో అయిపోయింది అన్నయ్యా" అని తెచ్చినవాళ్ళలో ముగ్గురికి ఆ స్విచ్ ఇటు జరిపి ఇచ్చేశాను. డబ్బులు తీసుకోలేదు.

కొనేటప్పుడు డబ్బా మీద రెండు మాటలు వెతకండి: 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్, 1000 హెర్ట్జ్ పోలింగ్ రేట్. "వైర్‌లెస్ గేమింగ్" అని పెద్ద అక్షరాలతో రాసి, రంగురంగుల లైట్లు పెట్టి, పోలింగ్ రేట్ ఎక్కడా రాయని డబ్బాలు చాలా వస్తున్నాయి. రాయలేదంటే లేదనే అనుకోండి. ఈమధ్య 8000 హెర్ట్జ్ మౌస్‌లు కూడా వస్తున్నాయి. అంత వేగంగా చెబితే వినడానికి ప్రాసెసర్‌కి పని ఎక్కువ, బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది. మన దగ్గర ఎక్కువమంది ఆడేది పాత ఐ3, ఐ5 సిస్టమ్‌ల మీద. వాటికి వెయ్యి చాలు.

డాంగిల్ ఎక్కడ గుచ్చాలి

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. ఇది తెలియక నేను ఒక కుర్రాడి డబ్బు పోగొట్టాను.

కొన్నేళ్ళ క్రితం కాశీనగర్ వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. మంచి వైర్‌లెస్ మౌస్ కొన్నాడు, ఆటలో ఉండుండి కర్సర్ ఆగిపోతోంది, ఒక్కోసారి ఎగిరి పక్కకి పడుతోంది. షాపులో నా సిస్టమ్‌కి పెట్టి చూశాను, బాగానే ఉంది. బ్యాటరీ మార్చాను, అడుగున కదలికను చూసే సెన్సర్ తుడిచాను, పంపించాను. వారంలో మళ్ళీ వచ్చాడు. ఈసారి మౌస్‌లోనే ఏదో లోపం ఉండి ఉంటుందని చెప్పి, వైరుది ఒకటి అమ్మాను. సమస్య పోయింది. వైర్‌లెస్ అంటే ఇంతే అని అతనూ అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. ఆ తర్వాత ఏడాదికి అదే తంటా నా సొంత సిస్టమ్‌కి వచ్చింది. ఆరోజే కొత్తగా ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెట్టాను. దాన్ని తీసేస్తే మౌస్ బాగుంటోంది, పెట్టి ఫైళ్ళు కాపీ చేస్తే కర్సర్ తడబడుతోంది.

కారణం ఏంటంటే, యూఎస్‌బీ 3.0 పోర్టులో డేటా వేగంగా నడుస్తున్నప్పుడు దాని వైరు నుంచి, కనెక్టర్ నుంచి కొంత రేడియో చప్పుడు బయటికి వస్తుంది. ఆ చప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా ఉంటుంది. మౌస్ డాంగిల్ వినేది అక్కడే. పక్కనే పెద్దగా మైకు మోగుతుంటే మెల్లగా మాట్లాడే మనిషి మాట వినబడనట్టే ఇది. 2012లో ఇంటెల్ కంపెనీ వాళ్ళే దీని మీద ఒక పత్రం విడుదల చేశారు. నాకు ఆ సంగతి తెలిసేసరికి ఆలస్యమైంది. ఆ కుర్రాడి నంబరు నా రిజిస్టర్‌లో ఉంది కాబట్టి ఫోన్ చేసి చెప్పాను. వైర్‌లెస్ మౌస్‌ని అప్పటికే ఎవరికో ఇచ్చేశాడట. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకని డాంగిల్‌ని నీలిరంగు యూఎస్‌బీ పోర్టులో, అందులోనూ హార్డ్ డిస్క్ పక్కన గుచ్చకండి. నల్లగానో తెల్లగానో ఉండే పాత రకం యూఎస్‌బీ 2.0 పోర్టు చాలు, మౌస్‌కి అంతకన్నా వేగం అక్కర్లేదు. క్యాబినెట్ వెనక గుచ్చితే మధ్యలో ఇనప రేకు అడ్డం వస్తుంది. అన్నిటికన్నా మంచి మార్గం ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ తీసుకుని, డాంగిల్‌ని మౌస్ ప్యాడ్ పక్కకి, జానెడు దూరంలోకి తెచ్చుకోవడం. మంచి కంపెనీలు ఈ కేబుల్‌ని డబ్బాలోనే ఇస్తాయి. పనికిరాదని దాన్ని పారేసేవాళ్ళని చూశాను. పారేయకండి. వైఫై రౌటర్ కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే నడుస్తుంది, కాబట్టి రౌటర్ పక్కనే డాంగిల్ పెట్టొద్దు. మీ రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఉంటే కంప్యూటర్‌ని, ఫోన్లని దానికి మార్చండి. వంటింట్లో మైక్రోవేవ్ ఉంటే అది నడిచేది కూడా ఆ దగ్గరి తరంగాల మీదే. గోడ అవతలే మీ టేబుల్ ఉంటే సంగతి గుర్తుంచుకోండి.

ఇంకొకటి, లాప్‌టాప్ వాళ్ళకి. విండోస్ కరెంటు ఆదా చెయ్యడానికి యూఎస్‌బీ పోర్టుని నిద్రపుచ్చుతుంది. డివైస్ మేనేజర్‌లోకి వెళ్ళి, యూఎస్‌బీ హబ్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ దగ్గర ఉన్న టిక్కు తీసెయ్యండి.

బ్యాటరీ

వైర్‌లెస్ అంటే ఆలస్యం తర్వాత జనం భయపడేది బ్యాటరీకి. ఆట మధ్యలో మౌస్ ఆగిపోతే వచ్చే కోపం నాకు తెలుసు. కానీ దీన్ని ముందే చూసుకోవచ్చు. మౌస్‌లు రెండు రకాలు: లోపలే ఛార్జింగ్ బ్యాటరీ ఉండేవి, పెన్సిల్ సెల్లు వేసుకునేవి. లాజిటెక్ జీ304 రెండో రకం. 1000 హెర్ట్జ్‌లో ఒక్క ఏఏ సెల్లుతో 250 గంటలు నడుస్తుందని కంపెనీ చెబుతుంది. రోజుకి నాలుగు గంటలు ఆడినా రెండు నెలలు. (ఇంటర్ చదివే పిల్లలు రోజుకి నాలుగు గంటలు ఆడకూడదు. మా అక్క ఇది చదువుతుంది కాబట్టి కూడా చెబుతున్నాను.) లోపల బ్యాటరీ ఉన్నదయితే పడుకునే ముందు ఫోన్‌తో పాటు దాన్నీ ఛార్జింగ్‌కి పెట్టే అలవాటు చేసుకోవాలి. ఛార్జింగ్ పెడుతూనే ఆడుకునే వీలున్న మౌస్ అయితే ఆ భయం కూడా ఉండదు.

మన ప్రాంతానికి నాకు సెల్లు రకమే ఇష్టం. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. ఆ రోజుల్లో ఆటలు ఎవరికీ గుర్తు లేవు, కానీ షాపు లాప్‌టాప్‌ని పొదుపుగా వాడుతూ జనానికి దరఖాస్తులు టైపు చేసి పెట్టాను. ఛార్జింగ్ మౌస్ రెండో రోజే పడుకుంది. సెల్లు మౌస్ చివరిదాకా నడిచింది. సెల్లు ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది. ఇంకో లాభం, ఛార్జింగ్ బ్యాటరీ మూడు నాలుగేళ్ళకి బలం తగ్గిపోతుంది, దాన్ని మార్చాలంటే మౌస్ విప్పాలి. సెల్లు మౌస్‌కి ఆ గొడవ లేదు.

సెల్లు మౌస్‌కి ఒక లోపం, బరువు. జీ304 సెల్లుతో కలిపి 99 గ్రాములు. వైరు ఉన్న జీ102 వైరు కాకుండా 85 గ్రాములే. తేలిక మౌస్ కావాలనుకునేవాళ్ళకి ఒక ఉపాయం ఉంది. ఏఏ సెల్లు సుమారు 23 గ్రాములు, సన్నగా ఉండే ఏఏఏ సెల్లు అందులో సగం. సన్న సెల్లుని లావు సెల్లు చోట పెట్టే ప్లాస్టిక్ గొట్టం ముప్పై నలభై రూపాయలకి దొరుకుతుంది. గంటలు తగ్గుతాయి, కానీ చెయ్యి తేలికవుతుంది. రీఛార్జబుల్ సెల్లులు వేసినా పనిచేస్తాయి, వాటి వోల్టేజ్ 1.2 మాత్రమే కాబట్టి బ్యాటరీ గుర్తు కాస్త తక్కువ చూపిస్తుంది, కంగారు పడకండి.

నాసిరకం సెల్లు మాత్రం వెయ్యొద్దు. పరీక్షల కోసం మౌస్‌ని రెండు మూడు నెలలు పక్కన పెడితే సెల్లు బయటికి తీసేయండి. వానాకాలంలో కారిపోయి, స్ప్రింగుకి తెల్లటి పొట్టు పట్టిన మౌస్‌లు ఏటా నా దగ్గరికి వస్తాయి. అది ఆల్కలైన్ సెల్లు అయితే వెనిగర్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి వాడితే చాలావరకు బాగవుతుంది. స్ప్రింగు తుప్పు తినేస్తే మార్చాల్సిందే.

ఐదు వేలు లేకపోతే

రెండు వేలే ఉంటే ఏం చెయ్యాలి? అప్పుడు మౌస్ కూడా వైరుదే తీసుకోండి, మొహమాటం వద్దు. పదిహేను వందల లోపు వైరు గేమింగ్ మౌస్ అదే ధర వైర్‌లెస్ మౌస్ కన్నా మంచి సెన్సర్‌తో వస్తుంది. జీ102 లాంటివి ఏళ్ళుగా మనవాళ్ళు వాడుతున్నారు. వైరు లాగుడుని తగ్గించుకోవాలంటే వైరుని మానిటర్ స్టాండుకి ఒక రబ్బరు బ్యాండుతో పైకెత్తి కట్టండి, మౌస్ దగ్గర ఒక అడుగు వదులుగా ఉంచండి. దీనికోసం బంగీ అని ఒక స్టాండు అమ్ముతారు, రబ్బరు బ్యాండు కూడా అదే పని చేస్తుంది. వైరు టేబుల్ అంచు మీద నుంచి కిందికి వేలాడకూడదు. లాగుడు ఎక్కువగా వచ్చేది అక్కణ్ణుంచే.

వైరు మౌస్‌కి ఇంకో సుగుణం, అది నా చేతుల్లో బాగవుతుంది. వైరు ఎక్కువగా పాడయ్యేది మౌస్‌లోకి దూరే చోటే, రోజూ మడతపడి లోపల రాగి తెగుతుంది. అక్కడ రెండంగుళాలు కత్తిరించి, నాలుగు తీగలు మళ్ళీ సాల్డరింగ్ చేస్తే అయిపోతుంది. ఎరుపు ఐదు వోల్టులు, నలుపు గ్రౌండు, ఆకుపచ్చ, తెలుపు డేటా. చవక మౌస్‌లలో ఈ రంగులు తారుమారుగా ఉంటాయి, కాబట్టి కత్తిరించే ముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. డబుల్ క్లిక్ తంటా, అంటే ఒకసారి నొక్కితే రెండుసార్లు పడటం, ఇది మాత్రం వైరుదానికీ వైర్‌లెస్‌కీ సమానంగా వస్తుంది. లోపలి చిన్న స్విచ్ రేకు అరిగిపోవడం వల్ల వస్తుంది. స్విచ్ మార్చాలి. వెలుతురుతో పనిచేసే ఆప్టికల్ స్విచ్‌లున్న మౌస్‌లలో రేకు తాకే పని లేదు కాబట్టి ఈ గొడవ రాదు.

మౌస్ ప్యాడ్ కొనకుండా మౌస్ కొనకండి. గాజు టేబుల్ మీద మామూలు సెన్సర్ దారి తప్పుతుంది. గుడ్డ ప్యాడ్, కనీసం మోచెయ్యంత పొడవు.

కీబోర్డు

ఇక్కడికి వచ్చేసరికి వైర్‌లెస్‌కి ఎందుకు డబ్బు పెట్టాలో నాకు అర్థం కాదు. కీబోర్డుని మీరు ఆట మధ్యలో ఎత్తరు, జరపరు. వైరు వెనక్కి వెళ్ళిపోతుంది, కంటికి కూడా ఆనదు. వైర్‌లెస్ కీబోర్డుకి లైట్లు వేస్తే బ్యాటరీ కరిగిపోతుంది, లైట్లు ఆపేస్తే వాటికి పెట్టిన డబ్బు వృథా. నిద్రపోయిన కీబోర్డుకి మొదటి కీ వినబడదు. పన్నెండు పదిహేను వందలకి దొరికే కీబోర్డు–మౌస్ వైర్‌లెస్ సెట్టు పిల్లల చదువుకి, ఆఫీసుకి బాగుంటుంది. ఆటకి కొనొద్దు. ఆ సెట్టులో మౌసూ ఆఫీసు మౌసే, కీబోర్డూ ఆఫీసు కీబోర్డే. వైర్‌లెస్ కీబోర్డు ఎవరికి మంచిదంటే, హాల్లో టీవీకి కంప్యూటర్ పెట్టుకుని మంచం మీద నుంచి ఆడేవాళ్ళకి. వాళ్ళు కొనుక్కోవచ్చు.

కీబోర్డులో వైరు కన్నా ముఖ్యమైనది ఒకేసారి ఎన్ని కీలు నొక్కగలరన్నది. చవక కీబోర్డు లోపల కీలన్నీ అడ్డగీతలు, నిలువుగీతల మీద కూర్చుంటాయి. ఒక చతురస్రానికి మూడు మూలల్లో ఉన్న కీలు ఒకేసారి నొక్కితే నాలుగో మూల కూడా నొక్కినట్టు కనబడుతుంది. ఆ పొరపాటు రాకుండా ఉండాలని కీబోర్డు మూడో కీనే వదిలేస్తుంది. ముందుకి పరుగెడుతూ ఎడమకి తిరిగి దూకాలంటే డబ్ల్యూ, ఏ, స్పేస్ మూడూ కలిపి నొక్కాలి. అక్కడ మూడోది పడకపోతే మీ మనిషి దూకడు. మెకానికల్ కీబోర్డులో ప్రతి కీకి ఒక డయోడ్, అంటే కరెంటుని ఒకవైపే పోనిచ్చే చిన్న భాగం, ఉంటే ఈ బాధ లేదు. డబ్బా మీద ఎన్-కీ రోలోవర్, అంటే ఎన్ని కీలు కలిపి నొక్కినా అన్నీ పడతాయని, ఉందేమో చూడండి.

పరీక్ష ఇంట్లోనే చెయ్యొచ్చు. నోట్‌ప్యాడ్ తెరిచి, రెండు షిఫ్ట్ కీలూ రెండు చేతుల చిటికెన వేళ్ళతో నొక్కి పట్టుకుని, మిగతా వేళ్ళతో ఇంగ్లీషు అక్షరాలు ఏ నుంచి జెడ్ దాకా ఒక్కొక్కటిగా కొట్టండి. కొన్ని అక్షరాలు అసలు పడకపోతే ఆ కీబోర్డు కీలు మింగుతోందని అర్థం. షాపులో నేను ప్రతి కొత్త కీబోర్డునీ ఇలా చూశాకే ఇస్తాను.

స్విచ్‌ల రంగుల విషయం క్లుప్తంగా. ఎరుపు నున్నగా దిగుతుంది, చప్పుడు తక్కువ, ఆటకి మంచిది. గోధుమరంగు మధ్యలో చిన్న గతుకు తగులుతుంది, టైపింగ్ కూడా చేసేవాళ్ళకి హాయి. నీలం టకటకమంటుంది. మా ఇల్లు రెండు గదులది, రాత్రి పదకొండింటికి నీలం స్విచ్‌లు కొడితే మా అమ్మ లేచి కూర్చునేది. రెండో వారంలో అమ్మేశాను. స్విచ్ లాగి మార్చుకునే హాట్ స్వాప్ కీబోర్డు దొరికితే తీసుకోండి, ఒక్క కీ పాడైతే ఒక్క స్విచ్చే మారుస్తాం. వైరు కూడా టైప్-సీతో విడిగా వచ్చేలా ఉంటే ఎలుక కొరికినా వంద రూపాయలతో పోతుంది. ఎలుకల మాట ఉత్తినే అనలేదు, మా వీధిలో ఏడాదికి నలుగురైదుగురు కొరికిన వైర్లు పట్టుకొస్తారు.

మరొక్క మాట, ఇది ఆటకి సంబంధించింది కాదు కానీ నాకు ఇష్టమైనది. మీ కీబోర్డు మీద తెలుగు కూడా కొట్టుకోండి. విండోస్‌లో ఉన్న ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ చాలా భారతీయ భాషలకి ఒకటే అమరిక. తెలుగులో 'క' ఉన్న కీ మీదే ఒడియాలో 'క' కూడా ఉంటుంది. ఒకటి నేర్చుకుంటే రెండూ వచ్చేస్తాయి. మా షాపులో పొద్దున ఒడియా దరఖాస్తు, మధ్యాహ్నం తెలుగు పెళ్ళిపత్రిక అదే వేళ్ళతో కొడతాను. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది, ఇక్కడి పిల్లలు తెలుగు కొట్టడం మరిచిపోకూడదని నా కోరిక.

కొనేటప్పుడు చిరునామా

సరిహద్దు ఊళ్ళవాళ్ళకి ఒక జాగ్రత్త. మహేంద్రతనయ నదికి ఇటు ఒడిశా, అటు ఆంధ్ర. ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు ఏ వైపు చుట్టాల ఇంటికి త్వరగా వస్తే ఆ చిరునామా ఇచ్చేస్తాం. ఇవ్వండి, కానీ బిల్లు మీ పేరు మీదే ఉండేలా, సీరియల్ నంబరు ఉన్న డబ్బా పారేయకుండా చూసుకోండి. వారంటీ కోసం బరంపురం వెళ్ళాల్సి రావచ్చు, విశాఖ వెళ్ళాల్సి రావచ్చు. బిల్లు లేకపోతే ఎక్కడికెళ్ళినా తిరుగు ప్రయాణమే. పార్సిల్ విప్పుతూ వీడియో తియ్యండి. వాపసు ఇచ్చే గడువు ఎన్ని రోజులో ముందే చూసుకుని, ఆ రోజుల్లోనే గట్టిగా ఆడి చూడండి: క్లిక్ రెండుసార్లు పడుతోందా, చక్రం వెనక్కి తిరుగుతోందా, డాంగిల్ అటూఇటూ మార్చినా కర్సర్ తడబడుతోందా.

డాంగిల్ పోతే మౌస్ దండగే. చాలా గేమింగ్ మౌస్‌లకి విడి డాంగిల్ దొరకడం కష్టం. ప్రయాణంలో దాన్ని లాప్‌టాప్‌కి వదిలేయకుండా మౌస్ అడుగున ఉండే గూట్లో పెట్టుకోండి. చాలావాటికి సెల్లు మూత కింద ఆ గూడు ఉంటుంది.

మా మేనల్లుడు చివరికి సెల్లు రకం వైర్‌లెస్ మౌస్, వైరు ఉన్న ఎరుపు స్విచ్‌ల కీబోర్డు తీసుకున్నాడు. రెండూ కలిపి నాలుగు వేల తొమ్మిది వందలు అయింది. పాతపట్నంలో డబ్బాలు విప్పకుండా అలాగే సైకిల్ వెనక కట్టుకుని షాపుకి తెచ్చాడు. రెండు షిఫ్ట్‌లూ నొక్కి ఏ నుంచి జెడ్ దాకా కొట్టించాను, ఒక్క అక్షరం తప్పలేదు. మిగిలిన వంద రూపాయలకి ఒక ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఇచ్చి, డాంగిల్ మీద తెల్ల పెయింటుతో ఒక చుక్క పెట్టాను, వాళ్ళ నాన్న ఆఫీసు మౌస్ డాంగిల్‌తో కలిసిపోకుండా.